ప్రాణహిత తీరపు రాబందులు: అడవిలో కన్నా పశువుల కొట్టంలోనే తేలే లెక్క

సంక్షిప్తంగా: గడ్చిరోలి జిల్లా దక్షిణ భాగంలోనూ, ప్రాణహిత నదికి ఎదురుగా తెలంగాణ గట్టునా కొద్దిపాటి రాబందులు ఇంకా మిగిలి ఉన్నాయి. ఇవి బతికి ఉన్న పశువుల జోలికి వెళ్ళవు, పంటకు హాని చేయవు. వీటి సంఖ్య కుప్పకూలడానికి ప్రధాన కారణం అడవి తరుగుదల కాదు, వేట కాదు. జబ్బుపడిన పశువులకు వేసిన కొన్ని నొప్పి సూదుల అవశేషాలు. ఆ మందులను కేంద్ర ప్రభుత్వం ఒక్కొక్కటిగా నిషేధిస్తూ వచ్చినా, చివరి మాట ఊళ్ళో సూది వేసే చేతిదీ, కళేబరాన్ని ఎక్కడ వదలాలో తేల్చుకునే రైతుదీ.

మహారాష్ట్రలోని ఈ గడ్చిరోలి జిల్లా దక్షిణ కొసన ఉన్న సిరొంచ, అహేరి తాలూకాలలో తెలుగు మాట్లాడే రైతు కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. వరి, పత్తి, మిరప పండించే ఈ ఊళ్ళలో యాభై ఏళ్ళు దాటినవారికి రాబందు కొత్త పక్షి కాదు. గొడ్డు చనిపోయిన రోజున ఊరి బయట గుంపుగా వాలే పక్షిగా వారు దాన్ని చిన్నతనంలో చూశారు. ముప్పై ఏళ్ళలోపువారిలో చాలామందికి మాత్రం అది పాఠ్యపుస్తకంలోని బొమ్మ. అందుకే ఇప్పుడు పొలంలో ఒక రాబందు దిగితే దాని ఫొటో ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. ఇది మేకపిల్లలను ఎత్తుకుపోతుందా, రోగాలు తెస్తుందా, దాని వీపు మీద ఉన్న పెట్టె ఏమిటి అన్న ప్రశ్నలు కూడా దానితోపాటే తిరుగుతాయి. ఈ ప్రశ్నలకు జవాబులు ఆ పక్షి శరీర నిర్మాణంలోనే చాలావరకు దొరుకుతాయి.

పొలంలో దిగిన రాబందు ఏం చేస్తుంది

మన దేశపు రాబందులు వాసన పట్టి రావు, కంటితో వెతుక్కుంటాయి. రెక్కలు ఆడించి ఎగరడం వాటి బరువైన శరీరానికి చాలా శ్రమ కనుక, ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేచేదాకా చెట్టు మీదో కొండ అంచునో కూర్చుని ఉంటాయి. ఆ వేడి గాలిని పట్టుకుని రెక్కలు చాచి చుట్లు తిరుగుతూ పైకి వెళ్ళాక, నేల మీది కళేబరాన్నే కాకుండా పక్క రాబందులనూ గమనిస్తుంటాయి. దూరంగా ఒకటి కిందికి దిగితే దాన్ని చూసి రెండోది, రెండోదాన్ని చూసి మూడోది మళ్ళుతాయి. ఖాళీగా కనిపించిన ఆకాశం నుంచి కొద్దిసేపట్లోనే పదుల సంఖ్యలో పక్షులు వాలడం వెనుక ఉన్న రహస్యం ఇదే. పక్షుల సంఖ్య బాగా పడిపోయిన చోట ఈ ఏర్పాటు కూడా దెబ్బతింటుంది. ఆకాశంలో కళ్ళు తక్కువైతే ఆహారం ఉన్నా కనబడదు.

దిగిన వెంటనే అవి తినడం మొదలుపెట్టవు. కొంత దూరంలో వాలి, కుక్కలు, మనుషుల అలికిడి లేదని రూఢి చేసుకునేదాకా గంటల తరబడి ఎదురుచూస్తాయి. దగ్గరికి వెళ్ళాక ముందు కళ్ళు, నాలుక, మెత్తగా ఉండే ఇతర భాగాలతో మొదలుపెడతాయి. ఎద్దు, గేదె తోలు మందంగా ఉంటుంది; తెల్లవీపు రాబందు, పొడుగు ముక్కు రాబందు దాన్ని తేలికగా చీల్చలేవు. ఎర్రతల రాబందు ముక్కుకు ఆ బలం ఎక్కువ. చిన్నదైన తెల్ల రాబందు మిగిలిన తునకలను ఏరుకుంటుంది. ఒకప్పుడు చర్మం తీసే వృత్తివారు తోలు తీసుకుని మిగతాది వదిలేసేవారు, పక్షులు ఎముకల దాకా శుభ్రం చేసేవి, ఆ ఎముకలను ఏరి ఎరువుల తయారీకి అమ్ముకునేవారు మరికొందరు. పెద్ద గుంపు వాలితే ఒక ఆవు కళేబరం గంటలోపే ఎముకల గూడుగా మిగిలేది. ఆ వరుసలో తోలు తీసే పని తగ్గిపోవడం కూడా రాబందులకు ఒక లోటే, అయితే దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

కడుపు నిండిన రాబందు వెంటనే ఎగరలేదు. కొంత దూరం పరుగెత్తితే తప్ప నేల విడవలేదు, తరిమితే తిన్నదాన్ని కక్కి బరువు దించుకుంటుంది. పొలం గట్టున తూలుతూ కనిపించే రాబందుకు ప్రతిసారీ జబ్బే అనుకోనక్కరలేదు. తిని ఉండవచ్చు, ఎండకు దాహంతో సోలి ఉండవచ్చు. హిమాలయాల వైపు నుంచి చలికాలంలో దక్షిణానికి దిగే లేత వయసు రాబందులు అలసిపోయి ఊళ్ళలో వాలడం దేశంలో అనేక చోట్ల నమోదైంది. అలాంటి పక్షి చుట్టూ జనం మూగకుండా, కుక్కలను దూరంగా ఉంచి, అటవీ శాఖకు కబురు చేస్తే చాలు. దాని వీపు మీద పెట్టె ఉంటే అది పక్షి ఎటు తిరుగుతోందో తెలుసుకునేందుకు పరిశోధకులు కట్టిన ట్రాన్స్‌మీటర్. రాబందు కాలి రింగు, వీపు మీది పరికరం చూసి గూఢచారి పక్షి అనుకోవడం దేశంలో పలుచోట్ల జరిగింది. మావోయిస్టు ప్రాబల్యం, పోలీసు గాలింపులు రెండూ ఎరిగిన జిల్లాలో ఆ అనుమానం రావడం సహజమే కానీ, దానికి ఆధారం లేదు.

మేకపిల్లల భయం

గద్దలకు, డేగలకు ఎరను పట్టి ఎత్తుకుపోయే కాళ్ళు, వంకర తిరిగిన పదునైన గోళ్ళు ఉంటాయి. రాబందు కాళ్ళు నడవడానికి, కళేబరాన్ని తొక్కిపట్టుకోవడానికి పనికివస్తాయి. వాటి గోళ్ళు మొద్దుబారి ఉంటాయి. బతికి ఉన్న మేకపిల్లను పట్టి లేపగల పట్టు వాటికి లేదు. ఈనిన గేదె దగ్గర రాబందు తచ్చాడితే అది సాధారణంగా మాయ కోసం లేదా చనిపోయి పుట్టిన దూడ కోసం. తెల్ల రాబందు పేడలో కూడా ఆహారం వెతుక్కుంటుంది. కోడిపిల్లను తన్నుకుపోయిన పక్షి దాదాపు ఎప్పుడూ గద్దే అయి ఉంటుంది. ఆకాశంలో ఎత్తున రెండూ నల్లగా కనిపించడం వల్ల నింద రాబందు మీద పడుతోంది.

రోగాల విషయంలో వాస్తవం తలకిందులుగా ఉంది. రాబందు కడుపులోని ఆమ్లం చాలా తీవ్రమైనది. కుళ్ళిన మాంసంలోని అనేక సూక్ష్మజీవులు అందులో చస్తాయి. తల, మెడ మీద ఈకలు పలచబడి ఉండటం కూడా కళేబరంలోకి తల దూర్చి తినే జీవికి శుభ్రత విషయంలో మేలు చేస్తుంది.

ఒక సూది, ఒక మూత్రపిండం

1980లలో దేశంలో రాబందులు కోట్లలో ఉండేవని అంచనా. భరత్‌పూర్‌లోని కేవలాదేవ్ పార్కులో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన విభు ప్రకాశ్ 1990ల చివరలో వాటి పతనాన్ని నమోదు చేసినప్పుడు, మొదట అందరి అనుమానం ఏదో అంటువ్యాధి మీద పడింది. 1992కూ 2007కూ మధ్య తెల్లవీపు రాబందు 99.9 శాతం, పొడుగు ముక్కు రాబందు జాతులు దాదాపు 97 శాతం తగ్గిపోయాయి. ప్రపంచంలో ఏ పక్షి జాతీ ఇంత విస్తృత ప్రాంతంలో ఇంత వేగంగా పడిపోయిన దాఖలాలు చాలా అరుదు.

కారణం 2004లో పాకిస్తాన్ నుంచి వచ్చిన పరిశోధనలో తేలింది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వేసిన పశువు ఆ మందు ఒంట్లో ఉండగానే చనిపోతే, ఆ మాంసం తిన్న రాబందు మూత్రపిండాలు పనిచేయడం ఆగిపోతుంది. పక్షులు వ్యర్థ నత్రజనిని యూరిక్ ఆమ్లం రూపంలో బయటికి పంపుతాయి. మూత్రపిండం దెబ్బతింటే ఆ ఆమ్లం రక్తంలో పేరుకుని, గుండె, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లని పొరగా గడ్డకడుతుంది. మెడ వాల్చి కొమ్మ మీద కునుకుతున్నట్టు కూర్చున్న పక్షి రెండు మూడు రోజుల్లో చనిపోతుంది. ఇదే మందు మనిషికి, పశువుకు సాధారణ మోతాదులో ఇంత హాని చేయదు. 1990ల తొలి సగంలో చవకైన తయారీ విరివిగా మార్కెట్‌లోకి రావడంతో అది పల్లెపల్లెకూ చేరింది.

చాలామందిని తికమక పెట్టే ప్రశ్న ఒకటి ఉంది. చనిపోయే పశువుల్లో మందు వేసినవి కొన్నే కదా, అన్ని రాబందులు ఎలా పోయాయి? జవాబు వాటి సామూహిక భోజనంలో ఉంది. ఒకే కళేబరం మీద యాభై పక్షులు తింటే ఆ యాభైకీ ఒకేసారి విషం అందుతుంది. మరుసటి వారం అవే పక్షులు, లేదా మరో గుంపు, ఇంకో కళేబరం మీద వాలుతాయి. సంవత్సరంలో తినే కళేబరాలలో నూటికి ఒక్కటి కన్నా తక్కువ విషపూరితమైనా జనాభా ఆ వేగంతో కూలిపోతుందని శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. 2004–05 ప్రాంతంలో దేశంలో సేకరించిన నమూనాలలో సుమారు పదింట ఒక కళేబరంలో ఆ మందు బయటపడింది.

కోలుకోవడం మాత్రం నత్తనడకే. రాబందు జత ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. గుడ్డు పొదగడానికి ఏడెనిమిది వారాలు, పిల్ల ఎగరడానికి ఆ తరువాత మూడు నెలలకు పైగా పడుతుంది. ఆ పిల్ల జతకట్టే వయసుకు రావడానికి సుమారు అయిదేళ్ళు. ఒక విషపు కళేబరం ఒక పూటలో తీసుకున్నదాన్ని తిరిగి నింపడానికి దశాబ్దాలు కావాలి.

నిషేధాలు వెంటాడుతున్న మందులు

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని కేంద్రం 2006లో నిషేధించింది. మనుషుల కోసం తయారైన పెద్ద సీసాలను కొని పశువులకు వేయడం మొదలవడంతో, 2015లో మనుషుల సూదిమందును కూడా 3 మిల్లీలీటర్ల ఒక్క మోతాదు ప్యాకింగ్‌కే పరిమితం చేశారు. ఎద్దుకు ఒక్కసారి వేయాలన్నా అలాంటివి చాలా విరగగొట్టాలి. ఖర్చుతో, విసుగుతో ఆ వాడకం తగ్గుతుందన్నది ఉద్దేశం. కాగితం మీద చిన్న మార్పులా కనిపించే ఈ ఉత్తర్వు, దుకాణాల తనిఖీల కన్నా ఎక్కువ పని చేయగలిగే రకం.

అయితే డైక్లోఫెనాక్ స్థానంలోకి దాని బంధుమందులు వచ్చాయి. ఎసిక్లోఫెనాక్ పశువు శరీరంలోకి వెళ్ళాక డైక్లోఫెనాక్‌గానే మారుతుంది. కీటోప్రొఫెన్ రాబందులను నేరుగా చంపుతుంది. ఈ రెంటినీ పశువులకు వాడకుండా 2023 జులైలో నిషేధించారు. నిమెసులైడ్ వంతు 2024 డిసెంబరు చివరలో వచ్చింది. ఫ్లునిక్సిన్ కూడా రాబందులకు ప్రమాదకరమే. మొదటి నిషేధానికీ నిమెసులైడ్ నిషేధానికీ మధ్య పద్దెనిమిదేళ్ళు గడిచాయి. కొత్త మందును పశువులకు అనుమతించే ముందే పక్షులపై దాని ప్రభావాన్ని పరీక్షించే పద్ధతి లేకపోవడమే ఈ జాప్యానికి మూలం, అసలు లోపం అక్కడే ఉంది.

రాబందులకు హాని చేయని ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. మెలోక్సికామ్ సురక్షితమని 2006లోనే తేలింది. టోల్‌ఫెనామిక్ ఆమ్లం కూడా పరీక్షల్లో నెగ్గింది. మెలోక్సికామ్ మొదట్లో ఖరీదుగా ఉన్నా, తయారీ సంస్థలు పెరిగేకొద్దీ ధర దిగింది. డైక్లోఫెనాక్ నిషేధం ఫలించని ప్రయత్నమేమీ కాదు: 2008 నాటికి ఆ మందు కనిపించిన కళేబరాలు సుమారు ఆరున్నర శాతానికి తగ్గాయి, పతనం వేగం నెమ్మదించింది.

రాబందు తప్పుకున్న చోటికి ఎవరు వచ్చారు

కళేబరాన్ని రాబందులు తినకపోతే కుక్కలు తింటాయి. కానీ కుక్క గంటలో ముగించదు. రోజుల తరబడి వచ్చి పోతూ, తునకలను లాక్కెళుతూ, మిగతాది వాగులోకో చేలోకో కుళ్ళనిస్తుంది. తిండి దొరికినకొద్దీ దాని సంతతి పెరుగుతుంది. 1992–2006 మధ్య దేశంలో కుక్కల సంఖ్య 50 లక్షలకు పైగా అదనంగా పెరిగిందనీ, దానివల్ల రేబిస్‌తో దాదాపు 48 వేల మంది ఎక్కువగా చనిపోయి ఉంటారనీ ఒక అంచనా. ఎయల్ ఫ్రాంక్, అనంత్ సుదర్శన్ అనే ఆర్థికవేత్తలు, ఒకప్పుడు రాబందులు ఎక్కువగా ఉన్న జిల్లాలను లేని జిల్లాలతో పోల్చి చూశారు. 2000–2005 మధ్య సుమారు 5 లక్షల మరణాలు రాబందుల లోటుతో ముడిపడినవని వారి లెక్క. ఇది లెక్కకట్టిన అంచనాయే తప్ప ఆసుపత్రి రికార్డుల మొత్తం కాదు. అయినా ఒక పక్షి చేసే పారిశుద్ధ్యపు పనికి ఎంత విలువ ఉందో అది చూపుతుంది. అడవిని ఆనుకున్న ఊళ్ళలో దీనికి మరో చిక్కు తోడవుతుంది: కుక్కల కోసం చిరుతలు ఊరి అంచులకు వస్తాయి.

ఆంత్రాక్స్ సంగతి వేరుగా చెప్పుకోవాలి. ఒడిశా సరిహద్దులోని కోరాపుట్ జిల్లాలో చనిపోయిన పశువులను కోయడం, ఆ మాంసం తినడం వల్ల మనుషులకు ఆంత్రాక్స్ సోకిన ఘటనలు పలుమార్లు జరిగాయి. హఠాత్తుగా చనిపోయి, ముక్కు, నోరు, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారే పశువును కోయకూడదు, రాబందుల కోసమని వదిలేయకూడదు; గాలి తగిలితే ఆ సూక్ష్మజీవి ఏళ్ళ తరబడి నేలలో బతికే బీజాలుగా మారుతుంది. పశువైద్యుడికి తెలియజేసి, సున్నం వేసి లోతుగా పూడ్చడమే సరైన పని.

నదికి అటూ ఇటూ

ప్రాణహిత రాష్ట్రాలకు సరిహద్దే కానీ రాబందుకు కాదు. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా బెజ్జూరు అడవిలో, పెద్దవాగు ఒడ్డున నిటారుగా ఉన్న పాలరాపు గుట్ట రాతి అంచుల మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెడుతున్నట్టు 2013లో వెలుగులోకి వచ్చింది. ఈ జాతికి కొండ చరియలు కావాలి. తెల్లవీపు రాబందుకు వాగుల వెంట పెరిగే తెల్లమద్ది వంటి ఎత్తయిన చెట్లు కావాలి. గడ్చిరోలి అడవుల్లో మిగిలిన రాబందుల్లో ఈ తెల్లవీపువి ముఖ్యమైనవి. వాగు ఒడ్డున ఒక ముదురు మద్దిచెట్టు నరికితే పోయేది కలప ఒక్కటే కాదు. చలికాలం మొదట్లో గూడు కట్టడం నుంచి వేసవి మొదట్లో పిల్ల ఎగిరేదాకా ఆ చెట్టు కింద అలికిడి లేకపోవడం కూడా అంతే అవసరం.

రాబందు తిండి కోసం ఒక్కరోజులో పదుల కిలోమీటర్లు, ఒక్కోసారి వందకు పైగా తిరుగుతుంది. అందుకే రక్షణ కోసం పనిచేసేవారు వంద కిలోమీటర్ల వ్యాసార్ధంతో వలయం గీసి, ఆ మేర ప్రమాదకరమైన మందులు లేకుండా చూడాలంటారు. సిరొంచను కేంద్రంగా పెట్టి ఆ వలయం గీస్తే దాదాపు 31 వేల చదరపు కిలోమీటర్లు వస్తుంది. అందులో దక్షిణ గడ్చిరోలితోపాటు తెలంగాణలోని మంచిర్యాల, భూపాలపల్లి, ఆసిఫాబాద్, ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్ కూడా పడతాయి. మూడు రాష్ట్రాల పశుసంవర్ధక శాఖలు, మూడు ఔషధ నియంత్రణ యంత్రాంగాలు, మూడు అటవీ శాఖలు. సిరొంచ రైతు గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళతాడు, అహేరి వారు గూడెం వంతెన మీదుగా తెలంగాణ వైపు వస్తారు. పశువుల మందులు కూడా అవే దారుల్లో నడుస్తాయి. ఒక గట్టున దుకాణాలను ఎంత గట్టిగా తనిఖీ చేసినా, రెండో గట్టున సడలిస్తే ఫలితం ఉండదు. ఈ ప్రాంతానికి ఉమ్మడి తనిఖీ లేకపోతే మిగతా చర్యలన్నీ సగం పనులే.

గడ్చిరోలి అటవీ శాఖ కొన్నిచోట్ల కంచె వేసిన స్థలాలలో కళేబరాలను ఉంచే ఏర్పాటు చేసింది. మరాఠీ పత్రికలు వీటిని గిధాడ (రాబందు) ఉపాహారగృహాలని రాస్తాయి. పక్క జిల్లా చంద్రపూర్‌లో, హర్యానాలోని పింజోర్ సంరక్షణ కేంద్రంలో పెంచిన తెల్లవీపు రాబందులను 2024 జనవరిలో తాడోబా పులుల అభయారణ్యానికి తెచ్చి, అడవికి అలవాటు చేసే పని మొదలుపెట్టారు. వడ్డన స్థలం పక్షులకు మేలు చేయాలంటే అక్కడికి వచ్చే ప్రతి పశువుకూ చివరి రోజుల్లో ఏ మందు పడిందో తెలియాలి. తెలియకుండా తెచ్చి వేస్తే, గుంపు మొత్తాన్ని ఒకేచోట విషానికి పిలిచినట్టవుతుంది.

తిండి కొరత కూడా నిజమే. ట్రాక్టర్లు వచ్చాక ఎడ్ల జతలు తగ్గాయి. 2022లో లంపీ చర్మవ్యాధి వ్యాపించినప్పుడు చనిపోయిన పశువులను లోతుగా పూడ్చమని చెప్పారు; వ్యాధి అదుపుకు అది అవసరమే, కానీ రాబందుకు దొరికే తిండి ఆ మేరకు తగ్గింది. కుక్కలనో చిరుతనో చంపాలని కళేబరానికి పురుగుమందు పూయడం మరో ముప్పు. ఆ విషం ఉద్దేశించిన జంతువు కన్నా ముందు రాబందుల గుంపుకు చేరుతుంది.

కొట్టం దగ్గర తేలేది

పడిపోయిన ఎద్దు ముందు నిలబడిన రైతుకు రాబందు గుర్తుకు రావాలని కోరడం న్యాయం కాదు. ఆ ఎద్దు మీద అతని పెట్టుబడి, దుక్కి, అప్పు అన్నీ ఆధారపడి ఉంటాయి. అతను అడగగలిగింది ఒక్కటే: సూది వేసేవారిని మందు పేరు చెప్పమని, మెలోక్సికామ్ ఉంటే అదే వేయమని. జ్వరం, వాపు, కుంటు వంటి ఎన్నో సందర్భాలలో నొప్పి తగ్గించడానికి పశువైద్యులు వాడే మందే అది కనుక రైతు నష్టపోయేదేమీ లేదు. వేరే మందు పడి రెండు మూడు రోజుల్లో పశువు చనిపోతే దాన్ని పూడ్చిపెట్టడం మంచిది. ఆ మందు పశువు ఒంట్లో ఎక్కువ రోజులు నిలవదు కనుక ప్రమాదం ప్రధానంగా ఆ కొద్ది రోజులదే. మందు పడకుండా, అంటురోగం లేకుండా, ముసలితనంతోనో ప్రమాదంలోనో పోయిన పశువును ఊరి బయట, కుక్కలకూ కరెంటు తీగలకూ దూరంగా వదలవచ్చు.

ఈ సమాచారం అందించే గొలుసులో బలహీనమైన కొక్కెం పశువైద్యుడు కాదు. ప్రభుత్వ పశువైద్యశాలలు దూరమైన ఊళ్ళలో సైకిల్ మోటారు మీద తిరుగుతూ సూదులు వేసే అనధికార వైద్యులు, చీటీ లేకుండా మందు ఇచ్చే దుకాణాలు ఉన్నాయి. వారిలో చాలామందికి నిషేధం ఉత్తర్వు చేరేది మరాఠీలోనో ఇంగ్లీషులోనో. సిరొంచ వైపు తెలుగులో చదివేవారికీ, లోపలి ఊళ్ళలో గోండీ, మాడియా మాట్లాడేవారికీ అది వారి భాషలో అందాలి. నిషేధించిన మందుల పేర్లు, సురక్షితమైన రెండు మందుల పేర్లు తెలుగులో రాసి ప్రతి పశువుల సంతలో, ప్రతి మందుల దుకాణంలో అతికించడానికి కొత్త చట్టం అక్కరలేదు, పెద్ద బడ్జెట్ కూడా అక్కరలేదు.